గ్రీన్ టీతో ఒళ్లు తగ్గుతుందా..? క్యాప్సూల్ కొనేముందు ఈ 80 కేలరీల లెక్క చూడండి!

పండగ అయిపోయింది. అరిసెల డబ్బా ఖాళీ అయింది. ప్యాంటు బొత్తాం మాత్రం పెట్టుకోవడం కష్టంగా ఉంది. ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని సూపర్ మార్కెట్‌కి వెళ్లి గ్రీన్ టీ ప్యాకెట్ తెచ్చుకోవడం. ఇంకాస్త తొందర ఉన్నవాళ్లు ఫోన్‌లో 'గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్' క్యాప్సూల్స్ ఆర్డర్ పెట్టేస్తారు. రోజుకి రెండు వేసుకుంటే చాలు, కొవ్వు కరిగిపోతుందన్నట్టు ఉంటాయి ఆ ప్రకటనలు.

మరి నిజంగా కరుగుతుందా? టీ ఆకులో ఊబకాయాన్ని అడ్డుకునే గుణం ఉందా, లేక అంతా ప్రచారమేనా?

గుణం ఉంది. అది అబద్ధం కాదు. కానీ ఎంత ఉంది అన్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

ముందు మన పరిస్థితి ఏంటో చూద్దాం. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం మగవాళ్లు ఉండాల్సిన బరువు కంటే ఎక్కువ ఉన్నారు. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, మగవాళ్లు 32.3 శాతం. దేశం మొత్తం మీద చూస్తే మహిళల్లో ఇది 24 శాతమే. అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ దేశ సగటు కంటే ముందే ఉన్నాయి. బీఎంఐ 25 దాటినవాళ్లను మాత్రమే లెక్కపెడితే వచ్చిన సంఖ్యలివి. మన భారతీయులకి 23 దాటితేనే జాగ్రత్తపడాలని డాక్టర్లు చెబుతారు కాబట్టి, ఆ లెక్కన చూస్తే సంఖ్య ఇంకా పెరుగుతుంది. బరువు తగ్గిస్తామనే డబ్బాలకి ఇంత గిరాకీ ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకే చెట్టు.. ఎన్నో టీలు

గ్రీన్ టీ, ఊలాంగ్ టీ, మనం రోజూ మరిగించే టీ పొడి.. ఇవన్నీ ఒకే మొక్క ఆకులు. తేడా అంతా కోసిన తర్వాత ఆకుని ఏం చేస్తారన్న దాంట్లోనే ఉంది. ఆకు కోయగానే ఆవిరి పట్టినా, పెనం మీద వేడిచేసినా రంగు మారకుండా ఆకుపచ్చగానే ఉండిపోతుంది. అదే గ్రీన్ టీ. అలా కాకుండా ఆకుని నలిపి గాలి తగలనిస్తే, కోసిన యాపిల్ ముక్క నల్లబడినట్టు అదీ నల్లబడుతుంది. అది మన మామూలు టీ. మధ్యలో ఆపేస్తే ఊలాంగ్.

పచ్చిగా ఉన్న ఆకులో 'కాటెకిన్లు' అనే పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. ఆ వగరు రుచి వీటి వల్లే. వీటన్నిట్లో ముఖ్యమైనదాన్ని పొట్టిగా 'ఈజీసీజీ' అంటారు. బరువు మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం దీని చుట్టూనే తిరుగుతుంది. ఆకు నల్లబడేటప్పుడు ఈ కాటెకిన్లు చాలావరకు వేరే పదార్థాలుగా మారిపోతాయి. మన టీకి ఆ ఎర్రటి రంగు, చిక్కదనం ఇచ్చేవి అవే. కెఫీన్ మాత్రం అన్ని రకాల్లోనూ ఉంటుంది.

ఎక్స్‌ట్రాక్ట్ అంటే టీ ఆకులోంచి ఈ పదార్థాలను లాగి, గట్టిపరిచి పొడి చేసింది. కప్పు టీకి, క్యాప్సూల్‌కి తేడా ఇక్కడే ఉంది. దీని గురించి తర్వాత మాట్లాడుకుందాం.

జెనీవాలో పది మంది కుర్రాళ్లు

గ్రీన్ టీ 'కొవ్వు కరిగిస్తుంది' అన్న మాటకి ఒక గట్టి ఆధారం 1999లో దొరికింది. స్విట్జర్లాండ్‌లోని జెనీవా యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పది మంది యువకులను తీసుకున్నారు. ఒక్కొక్కరినీ 24 గంటల పాటు ఒక ప్రత్యేకమైన గదిలో ఉంచారు. లోపలి మనిషి ఎంత ఆక్సిజన్ తీసుకుంటున్నాడు, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాడు అన్నది కొలిచే గది అది. దాన్నిబట్టి ఒంట్లో ఆ రోజు ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో లెక్కకట్టొచ్చు.

వీళ్లకి రోజుకి మూడుసార్లు, తిండితో పాటు గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చారు. ఒక్కో డోసులో 90 మిల్లీగ్రాముల ఈజీసీజీ, 50 మిల్లీగ్రాముల కెఫీన్. ఇంకో రోజు కెఫీన్ ఒక్కటే ఇచ్చారు. మరో రోజు మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు.

ఫలితం ఆసక్తిగా వచ్చింది. ఎక్స్‌ట్రాక్ట్ తీసుకున్న రోజు ఒంట్లో ఖర్చయిన శక్తి సుమారు 4 శాతం పెరిగింది. అందులో కొవ్వు నుంచి వచ్చిన వాటా కూడా పెరిగింది. అదే మోతాదు కెఫీన్ ఒక్కటే ఇచ్చినప్పుడు మాత్రం ఏమీ పెరగలేదు. అంటే పని చేసింది కెఫీన్ ఒక్కటే కాదన్నమాట.

ఇదెలా జరుగుతుంది? మన ఒంట్లో 'నార్‌ఎడ్రినలిన్' అనే రసాయనం ఉంటుంది. కొవ్వు నిల్వల్ని కరిగించమని, శక్తి ఖర్చు చేయమని కణాలకి కబురు చెప్పేది ఇదే. పని అయిపోగానే దాన్ని తుడిచేసే ఎంజైమ్ కూడా ఒంట్లోనే ఉంటుంది. కాటెకిన్లు ఆ ఎంజైమ్‌ని కాస్త అడ్డుకుంటాయి. కెఫీన్ మరో వైపు నుంచి ఆ కబురు తొందరగా చల్లారకుండా చూస్తుంది. రెండూ కలిస్తే సంకేతం ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ ఇది.

ఇప్పుడు అసలు లెక్క. 4 శాతం అంటే రోజుకి సుమారు 80 కేలరీలు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. ఈ లెక్కన కిలో తగ్గాలంటే మూడు నెలల పైనే పడుతుంది. అదీ కాగితం మీద. శక్తి ఎక్కువ ఖర్చయితే ఒళ్లు ఊరుకోదు, ఆకలి పెంచి దాన్ని రాబట్టుకోవాలని చూస్తుంది. పైగా ఆ ప్రయోగంలో కొలిచింది ఒక్క రోజు ఖర్చునే తప్ప, నెలల తరబడి బరువుని కాదు. పది మందిలో, ఒక్క రోజులో కనిపించిన ఆ 4 శాతమే తర్వాత ప్రకటనల్లో 'ఫ్యాట్ బర్నర్' అయి కూర్చుంది.

మన కప్పులో ఎన్ని కేలరీలు?

ఈ 80 కేలరీలను మన ఇంట్లో టీ పక్కన పెట్టి చూడండి.

ఒక కప్పు టీలో 100 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు పోశారనుకుందాం. దాదాపు 60 కేలరీలు. రెండు చెంచాల చక్కెర, అంటే 10 గ్రాములు, ఇంకో 40 కేలరీలు. మొత్తం వంద. వెన్న తీయని చిక్కటి పాలైతే ఇంకా పైకి పోతుంది. ఇరానీ చాయ్ సంగతి వేరే చెప్పాలా? పాలని గంటల తరబడి కాచి చిక్కబరిచి, వేరే గిన్నెలో దమ్ మీద పెట్టిన డికాషన్‌లో కలుపుతారు. రుచికి వంక పెట్టలేం. పక్కనే ప్లేట్లో ఉస్మానియా బిస్కెట్లు కూడా ఉంటాయి కాబట్టి ఆ లెక్క వేయకపోవడమే మనశ్శాంతి.

పొద్దున లేవగానే ఒకటి, టిఫిన్ తర్వాత ఒకటి, ఆఫీసులో రెండు, సాయంత్రం ఇంటికొచ్చాక ఒకటి.. ఐదు కప్పులు తాగేవాళ్లు మనలో తక్కువేం కాదు. అంటే 500 కేలరీలు టీ రూపంలోనే లోపలికి వెళ్తున్నాయి. అందులో చక్కెర ఒక్కటే 50 గ్రాములు. జెనీవాలో ఎక్స్‌ట్రాక్ట్ రోజంతా కష్టపడి అదనంగా ఖర్చు పెట్టించిన దాన్ని మన మొదటి కప్పు, అదీ పూర్తిగా తాగకముందే తిరిగి నింపేస్తుంది.

'టీ బరువు తగ్గిస్తుందట' అని చదివి ఇంకో రెండు కప్పులు పాల టీ ఎక్కువ తాగితే జరిగేది తగ్గడం కాదు, పెరగడం.

ఎలుకల్లో బ్రహ్మాండం.. మనుషుల్లో?

వార్తల్లో 'గ్రీన్ టీతో ఊబకాయానికి చెక్' అని పెద్ద అక్షరాలతో కనిపిస్తే, లోపల చదవాల్సిన మొదటి విషయం ఆ ప్రయోగం ఎవరి మీద చేశారన్నది. చాలాసార్లు ఎలుకల మీద.

ఎలుకల్లో ఫలితాలు నిజంగానే బాగున్నాయి. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ 2011లో వెల్లడించిన పరిశోధనలో కొవ్వు ఎక్కువున్న తిండితో పాటు ఈజీసీజీ కూడా తిన్న ఎలుకలు, ఉత్త కొవ్వు తిండి తిన్న వాటికంటే 45 శాతం నెమ్మదిగా బరువు పెరిగాయి. గమనించండి, ఇక్కడ తగ్గడం కాదు, పెరగడం నెమ్మదించింది. వాటి ఆకలి ఏమీ చావలేదు. తిన్న కొవ్వులో కొంత ఒంటికి పట్టకుండా మలంలో బయటికి పోయింది. కొవ్వుని జీర్ణం చేసే ఎంజైమ్‌కి ఈజీసీజీ అడ్డుపడటమే దీనికి కారణమని వాళ్లు భావించారు. అయితే ఎలుకలకి ఇచ్చిన మోతాదు మనిషికి అందాలంటే రోజుకి పది కప్పుల గ్రీన్ టీ తాగాలని కూడా వాళ్లే లెక్క చెప్పారు.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2017లో మరో సంగతి బయటపెట్టారు. ఇది మనలాంటి నల్ల టీ పొడి వాడేవాళ్లకి కాస్త సంతోషం కలిగించేది. కెఫీన్ తీసేసిన గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, బ్లాక్ టీ ఎక్స్‌ట్రాక్ట్ రెండూ ఇచ్చి చూస్తే, నాలుగు వారాల్లో రెండు గుంపుల ఎలుకలూ తక్కువ కొవ్వు తిండి తిన్న ఎలుకల బరువుకి వచ్చేశాయి. బ్లాక్ టీలోని పదార్థాలు పెద్దవి కాబట్టి చిన్నపేగుల్లో రక్తంలోకి వెళ్లలేవు. కిందికి జారి, పెద్దపేగులోని బ్యాక్టీరియాకి ఆహారమవుతాయి. అక్కడ సన్నగా ఉండే ఎలుకల్లో కనిపించే రకం బ్యాక్టీరియా పెరిగిందట. గ్రీన్ టీకి మాత్రమే గొప్పతనం ఉందన్న నమ్మకం ఈ ప్రయోగంతో కొంచెం సడలింది. కానీ ఇదీ ఎలుకల దగ్గరే ఆగింది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి సీన్ మారిపోయింది. వైద్య పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి వడబోసే కాక్రేన్ సంస్థ 2012లో గ్రీన్ టీ మీద జరిగిన 18 అధ్యయనాలను పరిశీలించింది. మొత్తం 1,945 మంది. జపాన్ బయట జరిగిన ఆరు అధ్యయనాల్లో గ్రీన్ టీ వాళ్లకి, మిగతావాళ్లకి మధ్య సగటు తేడా ఎంతో తెలుసా? 0.04 కిలోలు. అంటే 40 గ్రాములు. మూడు నెలలు మందు వాడితే వచ్చిన తేడా ఇది. ఒక గుక్కెడు నీళ్లు తాగితే పోయే బరువు. జపాన్‌లో జరిగిన వాటిలో తేడా 200 గ్రాముల నుంచి మూడున్నర కిలోల దాకా రకరకాలుగా వచ్చింది. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఆపుతుందా అని చూస్తే, అక్కడా ఉపయోగం కనిపించలేదు.

జపాన్‌లోనే ఎందుకు? అక్కడ కాటెకిన్లు ఎక్కువ వేసి ప్రత్యేకంగా తయారుచేసిన పానీయాలు 2003 నుంచే అమ్ముతున్నారు. 350 మిల్లీలీటర్ల సీసాలో 540 మిల్లీగ్రాముల కాటెకిన్లు ఉంటాయి. ఇంట్లో కాచుకునే కప్పుతో అది పోలిక కాదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. జపాన్ పరిశోధనల్లో కొన్నింటిని ఆ పానీయాలు అమ్మే కంపెనీ పరిశోధకులే చేశారు. అంతమాత్రాన తప్పని అనలేం గానీ, చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

మనకి బాగా దగ్గరగా తగిలే అధ్యయనం మాత్రం నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో జరిగింది. 2005లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 76 మంది ఉన్నారు. డైటింగ్ చేసి బరువు తగ్గాక, మళ్లీ పెరగకుండా మూడు నెలల పాటు గ్రీన్ టీ, కెఫీన్ కలిపి ఇచ్చారు. అంతకుముందు కాఫీ, టీ తక్కువ తాగే అలవాటున్నవాళ్లకి కొంత మేలు కనిపించింది. రోజూ బాగా తాగేవాళ్లకి మాత్రం ఉత్తుత్తి మాత్రకీ, దీనికీ తేడా లేదు. కెఫీన్‌కి ఒళ్లు అలవాటు పడిపోతుందన్నమాట. రోజుకి ఐదు టీలు లాగించే మనవాళ్లకి క్యాప్సూల్ ఎంతవరకు పనిచేస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

క్యాప్సూల్ దగ్గరే అసలు ప్రమాదం

పని చేయకపోతే పోయేది డబ్బులే కదా, ఒకసారి వాడి చూద్దాం అనుకుంటారు కొందరు. ఇక్కడే ఆగాలి.

కప్పులో కాచుకుని తాగే గ్రీన్ టీ మామూలుగా సురక్షితమే. వందల ఏళ్లుగా కోట్ల మంది తాగుతున్నారు. కానీ దాన్ని గట్టిపరిచి మాత్రలో కూరితే కథ వేరు. 2003లోనే ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌తో చేసిన ఒక బరువు తగ్గించే మందుని, లివర్ దెబ్బతిన్న కేసులు బయటపడటంతో మార్కెట్ నుంచి తీసేశారు.

అమెరికాలోని మిన్నెసోటాలో మెనోపాజ్ దాటిన వెయ్యి మందికి పైగా మహిళలతో ఏడాది పాటు ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం మందికి రోజూ 843 మిల్లీగ్రాముల ఈజీసీజీ ఉన్న క్యాప్సూల్స్ ఇచ్చారు. వాళ్లలో సుమారు 5 శాతం మందికి లివర్ పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా వచ్చింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో అది ఒక శాతం కూడా లేదు. పోనీ బరువైనా తగ్గారా? వీళ్లలో అధిక బరువున్న 121 మందిని విడిగా చూస్తే, ఏడాది తర్వాత కూడా బీఎంఐలో తేడా రాలేదు. లాభం సున్నా, లివర్‌కి రిస్క్ అదనం.

2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఇదంతా పరిశీలించి, సప్లిమెంట్ రూపంలో రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకుంటే లివర్ ఎంజైమ్‌లు పెరుగుతున్నాయని చెప్పింది. 2022 చివర్లో యూరోపియన్ యూనియన్ రూల్ తెచ్చింది. రోజు మోతాదు 800 మిల్లీగ్రాముల కంటే తక్కువే ఉండాలి. పరగడుపున తీసుకోవద్దని, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపు పిల్లలు వాడొద్దని డబ్బా మీద రాయాలి.

పరగడుపు సంగతి ప్రత్యేకంగా ఎందుకంటే, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఈజీసీజీ రక్తంలోకి మూడు రెట్లకి పైగా ఎక్కువ చేరుతుంది. మన దగ్గర 'పొద్దున్నే ఖాళీ కడుపుతో వేసుకుంటే బాగా పనిచేస్తుంది' అని సలహాలిచ్చేవాళ్లు ఎక్కువ. ఎక్స్‌ట్రాక్ట్ విషయంలో అది పూర్తిగా తప్పుడు సలహా. డైటింగ్ పేరుతో రోజంతా ఏమీ తినకుండా క్యాప్సూల్ మింగేవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ.

అందరికీ ఇలా జరగదు. ఒక రకమైన జన్యువు ఉన్నవాళ్లలో ఈ లివర్ సమస్య ఎక్కువగా కనిపిస్తోందని అమెరికాలో జరిగిన పరిశోధనలో తేలింది. కానీ ఆ జన్యువు ఉందో లేదో ఎవరికీ ముందుగా తెలియదు. అందుకే ఇప్పటికే క్యాప్సూల్స్ వాడుతున్నవాళ్లు కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, కుడివైపు పైకడుపులో నొప్పి, విపరీతమైన నీరసం, వికారం లాంటివి కనిపిస్తే వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వెళ్లినప్పుడు డబ్బా కూడా పట్టుకెళ్లండి. 'మందులేం వాడటం లేదండీ' అని చెప్పేస్తారు చాలామంది, ఇది మందు కాదనుకుని. బీపీకి వాడే నాడోలాల్ అనే మాత్ర రక్తంలోకి చేరకుండా గ్రీన్ టీ అడ్డుపడుతుందని, బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందు పనిని ఈజీసీజీ దెబ్బతీయగలదని ల్యాబ్ పరిశోధనల్లోనూ కనిపించింది. కాబట్టి డాక్టర్‌కి చెప్పాల్సిందే.

రక్తహీనత ఉన్నవాళ్లు వినండి

మన ఆడవాళ్లకి ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. టీలోని ఇవే పదార్థాలు అన్నం, ఆకుకూరలు, పప్పుల్లోని ఐరన్‌ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. పైన చెప్పిన సర్వే ప్రకారమే 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగొద్దని చెప్పింది. అన్నం తినగానే గ్రీన్ టీ తాగితే కొవ్వు పట్టదన్న చిట్కా ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతోంది. కొవ్వు సంగతేమో గానీ, ఐరన్ మాత్రం పట్టదు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు కూడా టీతో వేసుకోకూడదు.

కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదని కూడా అదే సంస్థ అంటోంది. 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. సాయంత్రం ఆలస్యంగా తాగి రాత్రి నిద్ర చెడగొట్టుకుంటే, నిద్ర తక్కువైనవాళ్లలో ఆకలి పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మరి టీ తాగాలా, వద్దా?

తాగండి. పాల టీ స్థానంలో, చక్కెర లేకుండా తాగితే గ్రీన్ టీ వల్ల లాభం కచ్చితంగా ఉంది. ఆ లాభం ఈజీసీజీ కన్నా, మానేసిన పాలు, చక్కెర వల్లే ఎక్కువ. వందకేలరీల కప్పు పోయి రెండు మూడు కేలరీల కప్పు వస్తుంది. లెమన్ టీ, పాలు లేని డికాషన్ అయినా ఇదే లెక్క. తేనె వేసుకుంటే చక్కెర కాదు కదా అనుకోకండి. చిన్న చెంచా తేనెలో కూడా 20 కేలరీలుంటాయి. సీసాల్లో అమ్మే ఐస్ టీలు కొనేముందు వెనక లేబుల్ మీద చక్కెర ఎన్ని గ్రాములుందో చూడండి.

గ్రీన్ టీ చేదుగా ఉందని చాలామంది రెండోరోజే మానేస్తారు. కారణం, మన టీలాగే దాన్ని మరిగించడం. నీళ్లు మరిగాక స్టవ్ ఆపేసి, రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు ఆకు వేయాలి. మరో రెండు నిమిషాల్లో వడకట్టేయాలి. అప్పుడు అంత చేదు రాదు.

అసలు గ్రీన్ టీ నచ్చనే నచ్చదు, పాల టీ లేకపోతే తలనొప్పి అనేవాళ్లు ఒక పని చేయొచ్చు. రోజుకి తాగే ఐదు కప్పుల్లో రెండు చెంచాల చక్కెరకి బదులు ఒకటే వేసుకుంటే రోజుకి 100 కేలరీలు తగ్గుతాయి. జెనీవాలో ఎక్స్‌ట్రాక్ట్ సాధించిన దానికంటే ఇది ఎక్కువ, పైసా ఖర్చు లేదు, లివర్‌కి భయమూ లేదు. ఒక్క చిక్కల్లా ఆఫీసు మెషీన్ టీతోనే. చాలా ప్రీమిక్స్ పొడుల్లో పాలు, చక్కెర ముందే కలిసి ఉంటాయి, తగ్గించుకునే వీలుండదు. అక్కడ వేడినీళ్ల బటన్ నొక్కి, వెంట తెచ్చుకున్న టీ బ్యాగ్ వేసుకోవడమే మార్గం.